తుడిచేసిన గొంతు

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద రజాక్ ఎస్టీడీ బూత్ వెనక ఐలేశం రికార్డింగు గది ఉండేది. గది అంటే గొప్పగా ఊహించుకోకండి. లారీల హారన్లు లోపలికి రాకుండా గోడలకు గొంగళ్లు కొట్టిన ఇరుకు కొట్టు. కిటికీ లేదు. పట్టపగలు తలుపు వేసినా చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. లోపలంతా ఉన్ని వాసన, వేడెక్కిన వైర్ల వాసన. ఒగ్గు కథలవాళ్లు అందులోనే పాడి క్యాసెట్లు చేయించుకునేవారు. ఐలేశం బయట బల్ల దగ్గర కంప్యూటరు ముందు కూర్చునేవాడు.

తొంభై ఎనిమిదిలో అతను హైదరాబాదులో మూతపడ్డ స్టూడియో నుంచి ఒక సౌండు కార్డు కొన్నాడు. ఎనిమిది మైకులు ఒకేసారి పట్టే పెద్ద కార్డు. కంప్యూటర్‌ను నడిపేదేమో ఊరికే దొరికే లైనక్స్ అనే సాఫ్ట్‌వేరు. దానికి ఆ కార్డుతో మాట్లాడటం రాదు. మాట్లాడించే ప్రోగ్రామును డ్రైవరు అంటారు, అది కంపెనీ వాళ్లు ఇవ్వలేదు. ఇవ్వకపోతే నేనే రాస్తానని మొండికేశాడు ఐలేశం. అదే కార్డున్న ఫిన్లాండ్ ఆయన ఒకడు, ఇంకో పదిమంది, ముఖాలు ఎరగనివాళ్లు, రజాక్ ఫోను లైను మీద ఈమెయిలు ఉత్తరాలు రాస్తూ తోడయ్యారు. ఎవరికీ పైసా ఆశ లేదు. రాసింది రాసినట్టు అందరికీ పంచడమే.

పరీక్షకు గొంతు కావాలి కదా. ఆ గొంతు అతని భార్య అండాలుది. ఆమె గొంగళ్ల గదిలో మైకు ముందు నిలబడి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేది. అతను విని, "చాలు" అని కేకేసి, ఫైలు తుడిచేసేవాడు. చిన్న డిస్కు మరి, నిండితే పని ఆగిపోతుంది. ఏడాదిలో అలా కొన్ని వందలసార్లు.

"నా గొంతు గంత చేదయిందా, ఎప్పటిదప్పుడే పారేస్తవు?" అని ఆమె ఎకసెక్కమాడేది.

మరుసటేడు ఆషాఢంలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది అండాలు.

దినాలు అయ్యాక ఐలేశం డిస్కంతా గాలించాడు, ఫ్లాపీలు గాలించాడు. ఒక్క అంకె మిగల్లేదు. కథలవాళ్ల దగ్గులు కూడా ఉన్నాయి, పెళ్లాం గొంతు లేదు. తలుచుకుందామంటే అప్పటికే జ్ఞాపకంలో అరిగిపోతోంది. ఆ పూట తలుపు వేసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

దసరా దాటాక ఫిన్లాండ్ ఆయన ఉత్తరం వచ్చింది. రికార్డింగు మొదలైన క్షణంలో పాత శబ్దం తునక ఒకటి దొర్లుతోంది, సరిచేయమని. తప్పు ఐలేశానిదే. కార్డు శబ్దాన్ని పోసే జాగా ఒకటి మెమరీలో ఉంటుంది, ప్రతిసారీ ముందుగా దాన్ని తుడవాలి. ఫైళ్లు తుడవడం మరువని మనిషి దీన్ని మరిచాడు. డ్రైవరులో ఒక్క వరుస రాస్తే తీరిపోయే పని.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ముందు ఆ తప్పేదో చూద్దామని మైకులన్నీ పీకేసి, రికార్డు నొక్కి, ఆపి, విన్నాడు.

"ఒకటి."

అండాలు...

అదే ఫైలు మళ్లీ వినబోతే ఏమీ లేదు. కరెంటు పోతే మెమరీలో ఏదీ నిలవదని అతనికి తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆమె పోయాక కరెంటు వందసార్లు పోయింది. ప్లగ్గు పీకి, గంటసేపు కూర్చుని, మళ్లీ పెట్టాడు.

"రెండు."

భయమేసింది. భయం కంటే సంతోషం ఎక్కువేసింది, దాచడమెందుకు. ఆ రోజు నుంచి రోజుకొక్క అంకె విన్నాడు, త్వరగా అయిపోవద్దని. సరిచేశావా అని ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. రజాక్ అడిగితే రేపు అనేవాడు.

ఆరు దగ్గర గొంతు మారింది. రొప్పుతోంది. ఏడు... నోరెండిపోయిన మనిషి చెప్పినట్టుంది. ఎనిమిది విన్న రోజు గొంగళ్ల గదిలో ఎవరో కాలు మార్చుకుని నిలబడ్డ చప్పుడైంది. తలుపు తీశాడు. చీకటి. ఉన్ని వాసన. ఎవరూ లేరు.

"తొమ్మి..."

పూర్తి చేయలేకపోయింది. అప్పుడు అర్థమైంది ఐలేశానికి. ఈసారి తను చాలు అనలేదు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"చాలు, అండాలు," అన్నాడు గుసగుసగా. "చాలు. పో, పండుకో."

కళ్లు తుడుచుకుంటూ ఆ ఒక్క వరుసా రాశాడు. అందరికీ పంపాడు. ఆ తర్వాత కంప్యూటరులో ఏ గొంతూ రాలేదు. పాపం, నిద్రపోయింది కదా అనుకున్నాడు.

వారానికి ఫిన్లాండ్ ఆయన జవాబు వచ్చింది. తప్పు పోయిందట. కానీ ఇప్పుడు రికార్డింగు ఆపాక, చివర్లో, ఒక ఆడమనిషి మాట వినపడుతోందట. ముందు జర్మనీ వాళ్లకు, ఆ తర్వాత బ్రెజిల్‌లో ఒకతనికి, ఇప్పుడు తనకు. ఏ భాషో తెలియదు, ఎవరినో వెతుక్కుంటున్నట్టు అడుగుతోంది అని, వినపడ్డది వినపడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు.

"ఏడున్నవు?"

ఐలేశం డ్రైవరులో తను రాసిన ఆ వరుస చెరిపేశాడు. రికార్డు నొక్కాడు, విన్నాడు. ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. మైకు తగిలించి, "ఈడనే ఉన్న... ఈడనే ఉన్ననే..." అన్నాడు. వెనక్కి తన గొంతు తప్ప ఏదీ రాలేదు.

ఉత్తరం అడుగున ఇంకో నాలుగు ముక్కలున్నాయి, అప్పుడు చూశాడు.

"ఇక్కడ మంచు మొదలైంది. నిన్నటి నుంచి ఆమె మాటల మధ్య పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వస్తోంది. చలి పెడుతున్నట్టుంది. మేమేం చెయ్యాలి?"