అద్దాల మధ్య చెయ్యి

చీకటి పడ్డాక టైలరమ్మ గుమ్మం ముందునుంచి ఎవరూ వెళ్లేవారు కాదు. తప్పనిసరై వెళ్తే, అవతలి గోడకు అతుక్కుని ఒకటే పరుగు. ఆమె తలుపులో ఒక చెయ్యి ఉందని పేరు... చలి రాత్రుల్లో, లోపల దీపం వెలిగాక, అద్దంలోంచి తెల్లగా లేస్తుందట. బయట తుడిచినా పోదు. లోపల తుడిచినా పోదు.

ఈ కథను వీధి వీధికీ మోసింది మరెవరో కాదు, ఆ తలుపు చేసిన వడ్రంగే. ఏ ఇంట్లో చిత్రిక పడుతున్నా ఇదే కబురు. "తలుపు నాదే. అందులో దూరింది మాత్రం నాకు తెలీదు" అని నవ్వించేవాడు. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా అతనే చెప్పాడు, కానీ అప్పుడు తల ఎత్తలేదు.

తలుపు చూసి పొమ్మని టైలరమ్మ మూడుసార్లు పిలిపించింది. ఒకసారి నడుం పట్టేసిందన్నాడు. ఇంకోసారి పని ఒత్తిడన్నాడు. మూడోసారి అబద్ధం కూడా తోచక ఊరుకున్నాడు. అసలు సంగతి భయం. ఈలోగా ఆమె దగ్గరికి బట్టలు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు.

నాలుగోసారి కబురు వేరుగా వచ్చింది. రేపు ఇల్లు ఖాళీ చేస్తున్నాను, చీకటి పడ్డాక వచ్చి నీ తలుపు నువ్వే చూసుకో అని.

వెళ్లాడు. వీధిలో నరపురుగు లేదు. మెట్టెక్కాడు. తలుపుకున్న జంట అద్దం ఆవిరి పట్టి పాలిపోయి ఉంది. దాని మధ్యలో... మెల్లగా... చెయ్యి.

భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పోలేదు.

తలుపు కిర్రుమంది. టైలరమ్మ దీపం పట్టుకుని నిలబడింది. లోపలికి వెళ్లి అటువైపూ తుడిచాడు — పోలేదు.

"దగ్గరగా చూడు," అంది గొంతు తగ్గించి. "వేళ్లు లెక్కపెట్టు."

బొటనవేలు... చూపుడువేలు... నడిమి వేలు... ఉంగరం వేలు సగమే ఉంది.

ఏనాడో రంపానికి సగం పోయిన తన వేలిని అతను గుప్పిట్లో దాచుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గాలి చొరకుండా మూసిన జంట అద్దం ఫ్యాక్టరీ నుంచి రావాలంటే పదిహేను రోజులన్నారు. అంతవరకూ ఆగలేక, రెండు మామూలు అద్దాలు తెచ్చి షెడ్డులోనే అంచులు అతికించేశాడు. చేతులకు తొడుగుల్లేవు. లోపలి ముఖం తుడవనూ లేదు. ఫ్యాక్టరీదేనని నమ్మబలికి తలుపులో బిగించాడు. అతుకు వదిలింది, చెమ్మ దూరింది. చలికి ఆవిరి పట్టినప్పుడల్లా అతని అరచేతి జిడ్డు బయటపడుతోంది.

నేల చీలితే బాగుండుననిపించింది.

"ఎప్పుడు తెలిసిందక్కా?"

"మొదటి చలికాలమే. నువ్వు తలుపు కొలతలు తీసుకునేటప్పుడు నేను చూడలేదా నీ చెయ్యి?"

"మరి... ఎవరికీ చెప్పలేదేం?"

ఆమె దీపం పక్కన పెట్టింది.

"చెబితే నీకెవరు పనిస్తారు తమ్ముడూ? నువ్వే వచ్చి సరిచేస్తావనుకున్నాను."

ఆమె వెనక కుట్టుమిషన్ అప్పటికే తాళ్లతో కట్టేసి ఉంది.