మూసిన జాలీ

ఆ ఉదయం బాలామణి టీ కూడా ముట్టకుండా ట్రంకుపెట్టె సర్దుకుంటోంది. తొలి కాన్పుకని పుట్టింటికొచ్చి పది రోజులు కాలేదు. ఊళ్లోనే నది ఒడ్డు పేట చిమిండైంగ్‌లో అత్తవారింటికే పోతానంటోంది.

తండ్రి సత్యారావు గుమ్మంలో నిలబడ్డాడు. ఊరి నడుమ బజారు పేట పబేడాన్‌లో ఇంటికప్పు రేకులమ్మే ఆసామి. ఏ సరుకు ఎన్నేళ్లు మన్నుతుందో చేత్తో తడిమి చెప్పగలడు. కూతురి మొహం చూడగానే ఇది బేరానికి దిగొచ్చే మాట కాదని తెలిసిపోయింది.

పురుడు పోసుకోకుండా వెళ్లిపోతే నలుగురూ ఏమంటారని నచ్చజెప్పాడు. ఆమె చీరలు మడతపెడుతూనే ఉంది. అత్తవారిది నది ఒడ్డున స్తంభాల మీద లేపిన పాత టేకు ఇల్లు. నేల పలకల సందుల్లోంచి కూడా గాలొస్తుంది. ఇక్కడ చుట్టూ ఇటుక గోడలు, నెత్తిన రేకు. నిన్న మధ్యాహ్నం ఉక్కకి కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడింది.

“అమ్మున్నప్పుడు ప్రతి తలుపు పైనా గాలి రావడానికి చెక్క జాలీ ఉండేది నాన్నా. పలకలేసి ఎందుకు మూయించావు?”

“దొంగల భయం.”

“గదికీ గదికీ మధ్యన దొంగేటి నాన్నా?”

ఆ జాలీలు బాలామణి తల్లి తాయారమ్మ మేస్త్రీతో పోట్లాడి పెట్టించినవి. కర్రింట్లో గాలి తనంతట తానే వస్తుంది, ఇటుకింట్లో దానికి దారి మనమే విడవాలి అనేది. సత్యారావు దండగన్నాడు. మొదటి ఎండాకాలం గడిచాక మళ్లీ నోరెత్తలేదు.

ఆవిడ పోయాక, మధ్యాహ్నం నది గాలి తిరిగేసరికి మెట్ల పైనున్న జాలీ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. అచ్చం జ్వరంలో ఆవిడ మూలిగినట్టే.

“ఆ జ్వరంలో మీ అమ్మ రెండుసార్లు కబురంపింది,” అన్నాడు చివరికి. “ఓడ నుంచి సరుకు దిగుతోందని నేను రేవులోనే ఉండిపోయాను. వచ్చేసరికి మాట పడిపోయింది. ఆ మూలుగు వినలేక మూయించానమ్మా.”

బాలామణి చేతిలో చీర పక్కన పెట్టింది.

“నా పురుడు ఈ గదిలోనే జరగాలనేది అమ్మ. నాకు గాలాడాలనే అంత గొడవ పడింది. నీకు తెల్దా?”

తెలీదు. దండగని తను కొట్టిపారేసిన ఖర్చు ఎవరి కోసమో ఇన్నాళ్లూ అడగనేలేదు.

ఆ రోజు కొట్టు తెరవలేదు. వడ్రంగి దండాసి వచ్చి మేకులూడబీకుతుంటే నిచ్చెన తనే పట్టుకున్నాడు. జాలీల్లో పేరుకున్న మసి తనే తుడిచాడు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. పైనుంచి మూలుగు వినిపించింది. చాప మీద నిద్రపోతున్న బాలామణి నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి.

సత్యారావు కాళ్లు వీధి వైపు లాగాయి. అయినా మెట్టు మీద కూర్చున్నాడు.

“ఇక్కడే ఉన్నాను,” అన్నాడు జాలీ కేసి చూస్తూ.