మొదటి రికార్డు, ఆఖరి పాట

డిసెంబరులో ఇంగ్లండులోని హల్ ఊళ్ళో టీ వేళకే చీకటి పడిపోతుంది. డెస్మండ్ వచ్చేసరికి రాడ్నీ ఇంటి ముందుగది అప్పటికే మసకబారింది. కిటికీ సందుల్లోంచి నది బురద వాసన. బల్ల మీద టీ, అల్లం బిస్కెట్లు, వాటి పక్కన అట్ట చిరిగిన రికార్డు.

ఇద్దరికీ అరవై దాటాయి. కుర్రతనంలో ‘డ్రై డాక్స్’ అని న్యూవేవ్ రాక్ పాటల బ్యాండ్ ఒకటి పెట్టారు. రాడ్నీ పాడేవాడు, డెస్మండ్ డ్రమ్ములు, ఏవ్రిల్ అనే అమ్మాయి సింథసైజర్ మీటలు వాయించేది. ఒక్క రికార్డుతోనే బ్యాండ్ ఆగిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత లండన్ కంపెనీ ఒకటి దాన్ని మళ్ళీ విడుదల చేస్తానంది.

"ఆఖరి పాటలో దాని అరుపు ఇంకాస్త పైకి తెమ్మన్నాను కంపెనీవాళ్ళని," అన్నాడు రాడ్నీ బిస్కెట్ ముంచుతూ. "జనం కొనేది దానికోసమే."

"పేరు పెట్టి పిలవరా, చచ్చిపోయిన పిల్లని..."

"అబ్బో! తలుపు పట్టుకున్న చేతులు ఎవరివి నాయనా?"



ఆ రికార్డు రేవులో ఓ పాత చేపల గోదాములో చేశారు. ఏవ్రిల్‌కి మూసిన గదులంటే ప్రాణభయం. అది తెలిసే, పాటకి నిజమైన అరుపు కావాలని, మైకు సరిచెయ్యమంటూ ఆమెని చేపలు దాచే చల్లగదిలోకి పంపాడు రాడ్నీ. పాట అయ్యేదాకా తలుపు వదలొద్దని డెస్మండ్‌కి చెప్పాడు. డెస్మండ్ వదల్లేదు. పైగా నవ్వాడు. ఆమె తలుపు బాదింది, బతిమాలింది, అరిచింది. పాట అయ్యాక తీసి చూస్తే భయంతో ఊపిరాడక నేల మీద పడి ఉంది. మరి లేవలేదు. తలుపు బిగుసుకుపోయిందని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఆ అరుపుని పత్రికలు తెగ మెచ్చుకున్నాయి.

రాడ్నీ రికార్డుని ప్లేయర్ మీదేసి, ఆఖరి పాట దగ్గర ముల్లు పెట్టాడు.

చరచరమని గీతల చప్పుడు. వెనకాల సన్నగా సింథసైజర్. డెస్మండ్ కళ్ళు మూసుకుని, అరుపు వచ్చే చోటు కోసం కాచుకున్నాడు. వచ్చే చోటు వచ్చింది. అరుపు రాలేదు.

ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. చాలా దగ్గర్నుంచి...

"అరిగిపోయింది వెధవ రికార్డు," అన్నాడు రాడ్నీ.

అప్పుడు బాదుడు మొదలైంది. స్పీకరు పెట్టెల్లోంచి కాదు. నడవలో, మెట్లకింద అలమారలోంచి.

"పిల్లి దూరినట్టుంది."

"నీకు పిల్లి లేదుగా రా..."

"పక్కింటిది. వణుకుతున్నావేంట్రా ముసలాడా? నువ్వలా కూర్చో, నేను చూసొస్తా." రాడ్నీ నవ్వుకుంటూ వెళ్ళాడు. చీపుళ్ళు జరిపి, వంగి, లోపలికి దూరాడు.

తలుపు మూసుకుంది. నెమ్మదిగా.

"డెస్! వేళాకోళాలొద్దు. తియ్యి!"

డెస్మండ్ పరిగెత్తాడు. ఆ తలుపుకి గడియ లేదు, తాళం లేదు. లాగితే వచ్చేస్తుంది. పిడి మీద చెయ్యి వేశాడు.

చెవి పక్కన చల్లటి గాలి. చేపల కంపు.

"పాట అయ్యేదాకా," అంది గుసగుసగా ఓ ఆడగొంతు.

తను లాగి ఉంటే తలుపు వచ్చేదేమోనని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ లాగలేదు. రెండు చేతులూ పిడి చుట్టూ బిగించి, కాలు వెనక గోడకి తన్నిపెట్టి... తలుపుని నొక్కి పట్టుకున్నాడు.

రాడ్నీ తిట్టాడు. బతిమాలాడు. గోళ్ళతో చెక్కని గీరాడు. తర్వాత అరిచాడు. పాడినప్పుడు ఏనాడూ రాని గొంతుతో అరిచాడు.

పాట అయిపోయింది. డెస్మండ్ తలుపు తీశాడు.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. గోళ్ళు చీరుకుపోయిన వేళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. తలుపు బిగుసుకుపోయిందని డెస్మండ్ చెప్పాడు. ఈసారి ఒక్కడే.

వసంతంలో రికార్డు మళ్ళీ వచ్చింది. ఊళ్ళో ఒక దుకాణంవాళ్ళు శనివారం పగటిపూట నలుగురినీ చేర్చి వినిపించారు. డెస్మండ్‌ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆఖరి పాటలో అరుపు మొదలైంది. మగగొంతు. గోళ్ళతో గీరుతున్న చప్పుడు కూడా స్పష్టంగా ఉంది.

"అబ్బ, ఎంత బాగా తీశారండీ!" అన్నాడు పక్కనున్న గడ్డంవాడు. "చిన్నప్పట్నుంచీ వింటున్నా. ఎవరండీ ఆయన?"

డెస్మండ్ లేచి, బల్లల అంచుల్ని పట్టుకుంటూ కౌంటరు దగ్గరికి నడిచాడు. "ఆపమ్మా... దయచేసి ఆపు."

దుకాణం పిల్ల ఆయనకేసి వింతగా చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది.

"ఎప్పుడో ఆపేశానండీ," అంది.

ముల్లు ఆమె వేళ్ళ మధ్యే ఉంది. రికార్డు తిరగడం మానేసింది. గోళ్ళు ఇంకా గీరుతూనే ఉన్నాయి.