ఎర్ర రంగు కొట్టిన హెల్మెట్

పొద్దుట్నుంచీ కరెంటు లేదు. షెడ్డులో మిషన్లన్నీ మూగబోయాయి. మిగతావాళ్లు భోజనాలకు వెళ్లారు. అన్న పడి చనిపోయిన ట్యాంకు కింద ఆమె ఒక్కతే కూర్చుని, మేస్త్రీ ఇచ్చిన వెల్డింగు హెల్మెట్‌ని తిప్పి తిప్పి చూస్తోంది. చల్లారిన ఇనుము వాసన, దాని మీద ఇంకా పోని రంగు వాసన.

"కొత్తదమ్మా, నీకోసమే తెప్పించా," అన్నాడా పెద్దమనిషి. కొత్తదట, కొత్తది! లోపలి పట్టీకి అన్న కట్టుకున్న రాగితీగ ముడి అలాగే ఉంది. మనిషి పోయి నెల తిరగలేదు. పైన ఇంత ఎర్ర రంగు కొట్టి చెల్లెలి నెత్తిన పెడతాడా? ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఈ పని నేర్పింది అన్నే. "పైన మెరుపు చూసి తీసుకోకే. అద్దం చుట్టూ చిన్న గాజు కళ్లు ఎన్నున్నాయో చూడు. మంట వెలుగు ఆ కళ్లకి ఆనితేనే అద్దం నల్లబడేది," అనేవాడు. రోజూ పనికి ముందు ఆ నాలుగు కళ్లనీ తడిగుడ్డతో తుడిచేవాడు. ఆ ఒక్కరోజే తుడవనివ్వలేదు. తనిఖీవాళ్లు వచ్చేశారు, ఎక్కు ఎక్కమని మేస్త్రీ తరిమాడు. నిచ్చెన మీద మంట వెలుగు నేరుగా తన కళ్లలో కొట్టి అన్న పడిపోతే, "హెల్మెట్ దించుకోలేదు, వాడి ఒళ్లు కొవ్వు" అని అందరికీ చెప్పాడు.

ఆమె గోటితో గీకింది. రంగు పెచ్చు లేచింది. కింద ఒక కన్ను.

అంటే ఈ రంగు అన్న పోయాక వేసింది కాదు, ఆ రోజు తనిఖీ కోసమే పాతవన్నీ వరసగా పెట్టి కొట్టించాడు. కళ్లతో సహా!

"మేస్త్రీగారూ! ఇలా రండి! మా అన్నని చంపింది మీ రంగు!"

"నోరు అదుపులో పెట్టుకో," అంటూ వచ్చాడు మేస్త్రీ. "ఇది భేషుగ్గా ఉంది, చూడు." హెల్మెట్ లాక్కుని తలకి తగిలించి, మొహం మీదికి దించాడు. నవ్వాడు.

నవ్వు ఆగిపోయింది.

"ఎవరది... వెల్డింగు ఆపమను."

"కరెంటేది?"

ట్యాంకు మీద చిటపట... ఆమె తలెత్తింది. ఎవరూ లేరు.

"నిచ్చెన దిగుతున్నాడు..." మేస్త్రీ గొంతు గుసగుసలోకి దిగింది. "అద్దం నల్లబడట్లేదమ్మా... తియ్యి... తియ్యి!" రెండు చేతులా పీకుతున్నాడు. రావట్లేదు.

"రంగు ఎవరు కొట్టించారు?" పళ్లు బిగించి అడిగింది.

"నేనే! నేనే కొట్టించా! వాడి తప్పేం లేదు!"

హెల్మెట్ ఊడి ఆమె ఒళ్లో పడింది. మేస్త్రీ కళ్లు వాచిపోయి, ఎర్రగా, ధారగా కారుతున్నాయి. గోడ తడుముకుంటున్నాడు. ఆమెకి రవ్వంత జాలి కలగలేదు.

"ఇదే మాట అందరి ముందూ చెప్పండి," అంది.

హెల్మెట్ తిప్పి చూసింది. తను గీకింది ఒక్క కన్నే. ఇప్పుడు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి, ఇంకా తడిగా.

కరెంటు లేక, షెడ్డు కుళాయిలో పొద్దుట్నుంచీ చుక్క నీళ్లు లేవు.