గ్యాసు పొయ్యి కింద ఎర్రమట్టి

ఎల్లారెడ్డిలో మా ఇంటి వెనక వాకిలంతా సిమెంటు. గోడ పక్కన ఇనుప బల్ల మీద మా కోడలు వినీత పిజ్జాలు కాల్చే గ్యాసు పొయ్యి ఉంటుంది. బియ్యం డబ్బా అంత పెట్టె, ముందర నోరు, లోపల నల్లటి రాతిపలక. ఆదివారాలు కామారెడ్డి నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి.

"మామా, కాల్చుడు అయినంక కొంచెంసేపు మంట పెద్దగ పెట్టాలె. రాయికి అంటుకున్నదంతా మాడి బూడిదైతది. అప్పుడు పొయ్యి బంద్ చేసి, సిలిండర్ కాడ రెగ్యులేటర్ కూడ బంద్ చెయ్యి. చల్లారినంక పొడిబట్టతో తుడువు. నీళ్లు పోస్తే రాయి పగుల్తది."

"పుట్టినప్పటిసంది నిప్పు చూస్తున్న. నువ్వు నాకు నేర్పుతవా?" అన్నాను. ఆ పని నాదేనని పట్టుబట్టాను.

నిజానికి నేను ఏనాడూ పొయ్యి ముట్టించినవాణ్ణి కాను. అదంతా నా భార్య లక్ష్మీనర్సమ్మ చూసుకునేది. పాత ఇంట్లో కట్టెల పొయ్యిని రోజూ ఎర్రమట్టితో అలికేది. పోయినేడు ఆమె పోయింది. శవాన్ని ఎత్తాక, ఆమెను పడుకోబెట్టిన జాగను పక్కింటి పోచవ్వ ఎర్రమట్టితో అలికింది. మా ఇంట్లో మట్టి కలపడం అదే ఆఖరు.

మొదటి ఆదివారమే రెగ్యులేటర్ సంగతి మరిచిపోయాను. తెల్లారి గుర్తొచ్చి ఉరికాను. బంద్ చేసే ఉంది. రాయి మీద బూడిద లేదు. బల్ల కింద సిమెంటు మీద, తడి ఆరని ఎర్రమట్టి… నాలుగు వేళ్ల చారలతో అలికి ఉంది.

"ఏంది మామా, అత్తమ్మ లెక్కనే అలికినవ్!" వినీత నవ్వింది. "నీకు గింత పని వస్తదని తెల్వకపాయె."

"మరేమనుకున్నవ్," అన్నాను.

ఆ మెప్పు రుచి మరిగాను. తర్వాతి వారం కావాలనే వదిలేశాను. ఆ పై వారమూ అంతే. చచ్చినదానితో చాకిరీ చేయించుకుంటున్నానని తెలుసు. తెలిసీ కోడలి ముందు మీసం దువ్వాను.

నిన్న పొద్దుగూకే వేళ వినీతా, నా కొడుకు అజయూ బండి మీద తాడ్వాయికి పిజ్జాలు ఇచ్చి రావడానికి పోయారు. వెనక తలుపు దగ్గరే, ఉయ్యాలలో మనవరాలు పడుకుంది. దేవుని అర్రలో దీపం వెలుగుతోంది. పొయ్యిలో మంట పెద్దగా మండుతోంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

గాలి లేచింది. మంట ఒక్కసారి వంగి, ఆరిపోయింది. సన్నగా సుయ్యిమనే చప్పుడు… గ్యాసు వాసన. 'ఆమె బంద్ చేస్తది లే' అనుకున్నాను. కదల్లేదు.

వాసన చిక్కబడింది. ఉయ్యాలలో పిల్ల దగ్గింది. దీపం గుర్తొచ్చింది. లేవబోయాను… కాళ్లు రాలేదు. అప్పుడు గ్యాసు వాసనలో ఇంకో వాసన కలిసింది. తడిమట్టి.

"అజయ్ బాపూ…" నా చెవి వెనకే. "లేవరాదు… పిల్ల ఉన్నది."

"నువ్వే… నువ్వే బంద్ చెయ్యి," అన్నాను.

తర్వాత ఒక నిట్టూర్పు. సిలిండర్ దగ్గర టక్.

చప్పుడు ఆగింది.

"గ్యాసు వాసన కొడుతున్నదేంది మామా?" వినీత వస్తూనే ఉయ్యాల దగ్గరికి ఉరికింది.

"గాలికి మంట ఆరింది. బంద్ చేసిన."

ఆమె పిల్లను రొమ్ముకు అదుముకుని, వంగి నా కాళ్లు మొక్కింది. "నువ్వు లేకుంటే నా బిడ్డ దక్కకపోతుండె."

నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఈ పొద్దున ముందు పొయ్యి దగ్గరికే పోయాను. బల్ల కింద సిమెంటు పొడిగా ఉంది. రాయి మీద నిన్నటి బూడిద అలాగే ఉంది. ఇక రాదు అనుకున్నాను. ఊపిరి పీల్చుకుని ఇంట్లోకి వచ్చాను.

నేను అప్పుడే లేచిన మంచం గోడకు నిలబెట్టి ఉంది. అది ఉన్న జాగలో తడి ఎర్రమట్టి… నాలుగు వేళ్ల చారలు… సరిగ్గా నా పొడుగంత.

వెనక నుంచి వినీత మెల్లగా అడిగింది.

"మామా… ఇక్కడెందుకు అలికినవ్?"