తల వంచి తీసిన ఫోటో

నల్లగొండలో ప్రైవేటు డిటెక్టివు ఉన్నాడంటే నవ్వేవాళ్లే ఎక్కువ. అయినా 1949 ఫిబ్రవరిలో ఒక ఉదయం అమరేందర్ గది ముందు నేతపని ఇల్లాలొకతె దుమ్ము కాళ్లతో నిలబడి ఉంది. గురువు తుమ్మినా అందులో తెలివి కనబడే సహాయకుడు సైదులు ఆమెను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"మాది కేతేపల్లి సారూ, నా పేరు ఆండాళు. మా ఆయన దశరథను మిలిట్రీ క్యాంపుకు వట్టుకపోయిండ్రు. మాఘ పున్నమి నాడు పటేలు ఇల్లు కాలవెట్టినోళ్లల్ల ఉన్నడంట. గా దినం ఆయన ఊర్లనే లేడు, కొత్తకోటల చీరెలమ్మ వోయిండు. ఎల్లుండి లారీల ఎక్కిస్తరంట. గట్ల పోయినోళ్లు మల్ల వస్తలేరు సారూ."

"సాక్షి ఎవలు?" అన్నాడు అమరేందర్.

"మా కులపోడే, ఫోటోల వెంకటరాజం. గా పొద్దున మా ఊరి మూసీల మా ఆయన ఉండంగ ఫోటో తీసిన్నని ఇచ్చిండంట. మాకైతే చూపిస్తలేరు."

అమరేందర్ కేసు ఒప్పుకున్నాడు. ఫీజు సంగతి సైదులు ఎత్తబోతే కళ్లతోనే ఆపాడు.

క్యాంపు అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. మర్యాదస్థుడే కాని తీరిక లేదు. ఫోటో బల్ల మీద పడేసి, "అయిదు నిమిషాలు" అన్నాడు.

సన్నగా, నిలువుగా ఉన్న అచ్చు అది. మోకాలిలోతు నీళ్లలో దశరథ నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. జంధ్యం కుడి భుజం మీంచి ఎడమ పక్కకు దిగింది. ఎడమ కనుబొమ మీద, ఎప్పుడో మగ్గం మీంచి పోగు మోసే నాడె ఎగిరి తగిలిన మచ్చ. చేతులు కనబడడం లేదు. అచ్చు అంచు అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నానికి ఇద్దరూ వెంకటరాజం ఇంటికి వెళ్లారు. నలభై ఏళ్ల మనిషి. ఒళ్లో రెండు కళ్ల జర్మనీ కెమెరా పెట్టుకొని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. దాన్ని చూడగానే అమరేందర్ కేసు మరిచిపోయినట్టు చేతులు చాపాడు.

"ఎన్నేండ్లాయె కొని?"

"పన్నెండు. డబ్బా కెమెరా ఉండె, మడతది ఉండె. దీన్ని చూసినంక అవి రెండూ అమ్మిన. పైకన్ను మనకు, కిందికన్ను ఫిలిముకు. తల వంచి అద్దంల చూసుకోవాలె. ఫోటో తీస్తున్నమని ఎదుటోనికి తెల్వనే తెల్వది."

సైదులు అద్దంలోకి చూస్తూ కెమెరాను కుడికి తిప్పాడు. బొమ్మ ఎడమకు పోయింది. అతడు తూలి గోడ పట్టుకున్నాడు.

"దీంట్ల కుడి ఎడమ అయితది," అని నవ్వాడు వెంకటరాజం. "అలవాటైతే ఏది అసలుదో యాదికి రాదు."

"బొమ్మ నలుపలకల చదరం గద?" అన్నాడు అమరేందర్. "మరి క్యాంపుల అచ్చు సన్నగున్నదేంది?"

"అవసరమున్నంతే ఏసిన. ఫిలిం తడిసి కరాబైంది."

అమరేందర్ కెమెరాను భద్రంగా తిరిగిచ్చాడు. దాని పట్టీకి క్యాంపు కాగితం చీటీ ఒకటి ఇంకా వేలాడుతోంది. బయటికి రాగానే సైదులును కేతేపల్లి పంతులు దగ్గరికి పంపాడు. ఏం అడగాలో చెవిలో చెప్పాడు.

మర్నాడు క్యాంపులో అందరూ కూడారు. దశరథను తాళ్లతో తెచ్చారు. మొగుణ్ణి చూసి ఆండాళు నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఈ ఫోటో పున్నమి నాటిది కాదు," అన్నాడు అమరేందర్. "జంధ్యం ఏ భుజం మీదున్నదో చూడుండ్రి."

"నాకు జంధ్యం లేదు," అన్నాడు అధికారి. "అర్థమయ్యేటట్టు చెప్పండి."

"మామూలుగ ఎడమ భుజం మీదుంటది. సచ్చిన పెద్దలకు నువ్వుల నీళ్లు ఇడిసేటప్పుడే కుడికి మారుస్తరు. ఆండాళమ్మా, మీ మామ తద్దినం ఎప్పుడు?"

"పుష్య బహుళ దశమి. పున్నమికి ఇరవై దినాల ముందు. పున్నమికి మా ఇంట్ల ఏ తద్దినం లేదు."

వెంకటరాజం అచ్చు మీదికి వంగి చూశాడు. "ఫిలిం తిరగేసి అచ్చేసిన సారూ. గందుకే భుజం మారింది."

"తిరగేస్తే మచ్చ గూడ మారాలె." అమరేందర్ దశరథ గడ్డం పట్టుకొని ముఖం వెలుతురుకు తిప్పాడు. "మనిషికి ఎడమ కనుబొమ మీద. ఫోటోల గూడ ఎడమకే. అచ్చు సక్కగనే ఉన్నది. తప్పింది నీ కన్ను వెంకటరాజం. అద్దంల కుడి ఎడమై, జంధ్యం నీకు ఎప్పటి లెక్కనే కనబడ్డది. పన్నెండేండ్లు లోకాన్ని అద్దంల చూసి, చిన్నప్పటి సంది మెడల ఉన్న పోగు సంగతే మరిచిపోయినవు. నీళ్లు ఇడిసే చేతులు, పక్కన ఒడ్డు మీద కూసున్న పంతులు కనబడొద్దని చదరాన్ని సన్నగ కోసినవు. సైదులూ, పంతులేమన్నడు?"

"తద్దినం నాడు గీ వెంకటరాజం ఒడ్డు మీద తల వంచుకొని నిలవడ్డడంట. పెద్దాయన కోసం ఏడుస్తున్నడనుకొని పంతులు శానా సంబరపడ్డడంట," అన్నాడు సైదులు.

"ఎందుకు చేశాడు?" అన్నాడు అధికారి.

"పున్నమైన మూడోనాడు తాలూకాల ఉన్న కెమెరాలన్నీ మీరు జమ చేయించుకున్నరు. ఈయనది ఒక్కటే వాపసొచ్చింది. చీటీ మీది తారీఖు, దశరథను పట్టిన తారీఖు ఒక్కటే. క్యాంపుకు సాయం చేసినోనికి సామాను వాపసిస్తరని ఈయనకు ఎవరో చెప్పుంటరు. గీయన మనిషిని ఇచ్చి కెమెరా తెచ్చుకున్నడు."

అధికారి లేచి తానే దశరథ తాళ్లు విప్పాడు. తర్వాత వెంకటరాజం ముందు చెయ్యి చాపాడు. అతడు మెడలోంచి కెమెరా పట్టీ తీసి ఇచ్చాడు.

"అది లేక చేతులు ఆడలే సారూ," అన్నాడు. "వారం దినాలు అన్నం గూడ సయించలే. ఇంకో పని నాకు రాదు."

దశరథ మణికట్లు రుద్దుకుంటూ అతని దగ్గరికి వచ్చాడు. కోపం వస్తుందనే అందరూ అనుకున్నారు.

"నా దగ్గరికి రాకపోతివి అన్నా," అన్నాడు. "మా నాయిన మగ్గం రెండేండ్ల సంది ఖాళీగనే ఉండె. నీకు నేత నేర్పింది ఆయననే గద."

ఆండాళు మొగుడి చెయ్యి పట్టుకొని బయటికి నడిచింది.