పచ్చచుక్క చెప్పిన అబద్ధం

ఒంగోలు బస్టాండు ఎదురుగా ఉన్న జ్యూస్ షాపు ముందు నిలబడి జక్రయ్య సపోటా జ్యూస్ తాగుతున్నాడు. శనివారం ఉదయం పదకొండు ఇరవై. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు వెనక నుంచి వచ్చి, "సారీ అన్నా" అంటూ భుజం రాసుకుని వెళ్లిపోయాడు. జక్రయ్య మెడ తడుముకున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు.

గుండెపోటు అన్నారు చుట్టూ చేరినవాళ్లు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం అలా అనలేదు.

ఊరందరికీ అతను ఆఫీసులకి పేపరు, టోనరు వేసే సేల్స్‌మన్. నిజానికి ఇరవై రెండేళ్లుగా కేంద్ర గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. చంపినవాళ్లు ఫోను, బ్యాగు పట్టుకుపోయారు గానీ కళ్లజోడు పెట్టెను వదిలేశారు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితం అదే విభాగంలో ఏజెంటు మార్క్ చేతిలోకి వచ్చింది. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనక గది అది. చీఫ్ నాగేంద్రబాబు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"చదువు," అన్నాడు.

"కంప్యూటర్ ప్యానెల్‌లో మెయిల్ సర్వీస్ ఆగిపోయినట్టు చూపిస్తోంది. కానీ మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. దయచేసి బాగు చేయించగలరు. ఇట్లు, ఫెబా, క్లర్క్." మార్క్ తలెత్తాడు. "దీనికోసం మనిషిని చంపారా సార్?"

"కింద చూడు."

కింద జక్రయ్య పెన్సిల్‌తో రాసిన మాట ఉంది. ఇది చిన్న విషయం కాదు.

"పొదిలి స్టేషన్ తెలుసుగా. బయట బోర్డు మెట్ట పంటల వాతావరణ కేంద్రం. లోపల మన సర్వర్. విదేశాల్లో మనకి పనిచేసే పదకొండు మంది అసలు పేర్లు, అడ్రసులు అందులో ఒక ఫైల్లో ఉన్నాయి. నెలకోసారి, మొదటి సోమవారం పన్నెండింటికి ఆ ఫైలు తాళం రెండు నిమిషాలు తెరుచుకుంటుంది, హెడ్‌క్వార్టర్స్ మార్పులు రాసుకోవడానికి."

"అంటే రేపే."

"ఆ ఊళ్లో సిగ్నల్స్ గమనించే మనవాళ్లు ఏదో బయటికి పోతోందంటున్నారు. ప్యానెల్లో చూస్తే ఆ మెయిల్ తప్ప అంతా సవ్యంగానే ఉంది. పోయిన నెలలో, ఈ ఫైల్లో లేని మన ఏజెంట్లు ఇద్దరు దొరికిపోయారు. ఇప్పుడు జక్రయ్య." చీఫ్ తుమ్మి, కర్చీఫ్ సర్దుకున్నాడు. "యూపీఎస్ మెకానిక్‌గా వెళ్లు. ఏం చూడ్డానికొచ్చావో అక్కడ ఎవరికీ తెలియకూడదు. అక్కడి సిస్టమ్స్ అధికారి బిందుమాధవికి కూడా."

"ఆవిడ మన మనిషి సార్."

"జక్రయ్య కూడా మన మనిషే. చచ్చిపోయాడు."

మార్క్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బిందుమాధవి అతనితో ఆరేళ్లు కలిసి పనిచేసింది. బ్యాంకాక్‌లో అతనికి తగలాల్సిన తూటా ఆమె భుజంలో దిగింది. తర్వాత వేరే దేశంలో ఆమె పట్టుబడితే, ఆమె ఎవరో మాకు తెలియదని ప్రభుత్వం జవాబు పంపింది. ఆమె పైఅధికారిగా ఆ జవాబు కింద సంతకం పెట్టింది మార్కే. రెండేళ్ల తర్వాత ఖైదీల మార్పిడిలో ఆమె తిరిగొచ్చింది. విమానాశ్రయంలో అతన్ని చూసి నవ్వి, "రూల్ అది. నేనైనా పెట్టేదాన్ని" అంది. ఆ మాటకి అతను ఈనాటికీ రుణపడి ఉన్నట్టే బతుకుతున్నాడు.

సోమవారం పదిన్నరకి పొదిలి దాటి నాలుగు కిలోమీటర్ల దూరంలో మార్క్ బండి దిగాడు. అంటించిన మీసం, బ్యాటరీ మరకల ఖాకీ చొక్కా. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఘాటుకి కళ్లు మండాయి. గేటు దగ్గర కర్ర పట్టుకున్న వాచ్‌మన్ యలమందయ్య అడ్డం వచ్చాడు.

"ఏంటి పని?"

"బ్యాటరీల్లో నీళ్లు పోయాలి."

"బోరు నీళ్లా?"

"బోరు నీళ్లు పోస్తే మూడో రోజుకి చస్తాయి పెద్దాయనా."

కోడ్ సరిపోయింది. యలమందయ్య గొంతు తగ్గించాడు. "ఫోను ఇక్కడే పెట్టండి సార్. మేడమ్ లోపలున్నారు."

చేతిలో ఉన్న మల్టీమీటర్‌ని మాత్రం అతను అడగలేదు. అది చూడ్డానికే మల్టీమీటర్. వెనక నొక్కితే చిన్న కీబోర్డు బయటికొస్తుంది. వైరు సర్వర్‌కి గుచ్చితే, ప్యానెల్‌తో పనిలేకుండా నేరుగా మాట్లాడుతుంది.

వరండాలో బిందుమాధవి ఎదురైంది. నల్లటి లినెన్ చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు, చలువ కళ్లద్దాలు. ఆ దుమ్ములో ఆమె మీద మాత్రం ఒక్క రేణువు వాలనట్టుంది. అతన్ని నిండా ఒక్క సెకను చూసింది.

"మీసం బాగాలేదు మార్క్."

ఇద్దరూ ఆమె గదిలో టీ తాగారు. "జక్రయ్య సంగతి విన్నాను," అంది ఆమె. కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎవరు చేశారో తెలిసిందా?"

చీఫ్ మాట గుర్తుంది. కానీ ఎదురుగా ఉన్నది ఎవరో కాదు.

"ఇంకా లేదు. నీ ప్యానెల్ గురించి ఒక కాగితం దొరికింది."

"ప్యానెల్ గురించా? ఎవరిచ్చారు ఆయనకి?"

"మీ క్లర్కే. టోనర్ ఇవ్వడానికొచ్చినప్పుడు, తెలిసిన కంప్యూటర్ మనిషికి చూపించమని ఇచ్చినట్టుంది."

బిందుమాధవి కప్పు నిదానంగా సాసర్‌లో పెట్టింది. "పాపం, ఆ అమ్మాయికి అన్నీ అనుమానాలే. సరే చూడు. నేను అడ్డం రాను."

సర్వర్ గది ముందు బల్ల దగ్గర ఫెబా ఉంది. పాతికేళ్ల అమ్మాయి, పొదిలి మిషన్ స్కూలు టీచరు కూతురు. మానిటర్ అతని వైపు తిప్పింది. ప్యానెల్‌లో నాలుగు పేర్లు వరసగా ఉన్నాయి. గడియారం, పచ్చచుక్క. ఫైర్‌వాల్, పచ్చచుక్క. మెయిల్, ఎర్రచుక్క. ప్రింటర్, పచ్చచుక్క.

"ఇదేనండి. మెయిల్ ఆగిపోయిందంటది. పొద్దున్నించి పద్నాలుగు మెయిల్స్ వచ్చినయ్. మేడమ్‌కి మూడుసార్లు చెప్పాను. రిఫ్రెష్ కొట్టమ్మా అన్నారు. కొట్టి కొట్టి నా వేలు అరిగింది గానీ అది మారలేదండి."

"మీరు ఎక్కడికన్నా వెళ్తున్నారా? బ్యాగు తగిలించుకున్నారు."

"ఒంగోలండి. ఇప్పుడే మేడమ్ పిలిచి టోనర్ తెమ్మన్నారు. ఎప్పుడూ బస్సులో పొమ్మనేవాళ్లు, ఈరోజు కారు కూడా పెట్టారు. ఈ రిజిస్టరు పూర్తిచేసి పోతాను."

మార్క్ తలూపి లోపలికి వెళ్లాడు. ఆ మాట అప్పుడు అతని చెవిలోనే ఆగిపోయింది, బుర్రలోకి దిగలేదు.

మల్టీమీటర్ వైరు సర్వర్‌కి గుచ్చాడు. ప్యానెల్‌ని పక్కన పెట్టి, ఇప్పుడు నిజంగా నడుస్తున్నవేవో చెప్పమని మిషన్‌నే అడిగాడు. చిన్న తెర మీద జాబితా వచ్చింది. గడియారం నడుస్తోంది. మెయిల్ నడుస్తోంది. ప్రింటర్ నడుస్తోంది. ఫైర్‌వాల్ లేదు.

బయటి నుంచి ఎవరూ చొరబడకుండా కాపలా కాయాల్సింది అదే. ప్యానెల్‌లో దాని పక్కన పచ్చచుక్క నిగనిగలాడుతోంది.

ప్యానెల్ ఆ చుక్కలు ఎక్కడి నుంచి తెస్తోందో వెతికాడు. రెండు జాబితాలు దొరికాయి. ఒకదాంట్లో సర్వీసుల పేర్లు, రెండోదాంట్లో వాటి స్థితులు. ప్యానెల్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, అంతే. పేర్లు నాలుగు. స్థితులు ఐదు.

ఎవరో రెండో పేరుని తీసేశారు. దాని స్థితిని తీయడం మర్చిపోయారు. అక్కడి నుంచి అన్నీ ఒక వరుస జరిగాయి. ఫైర్‌వాల్ పక్కన కనిపిస్తున్న పచ్చచుక్క ఆ దాచిన సర్వీసుది. మెయిల్ పక్కన కనిపిస్తున్న ఎర్రచుక్క ఫైర్‌వాల్‌ది. ఫెబా పట్టుకున్నది ఆ తప్పునే.

మిషన్ ఇచ్చిన జాబితాని కిందికి జరిపి, ప్యానెల్‌లో లేని ఆ పేరేంటో చూశాడు.

బచ్చలి.

మార్క్ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. బ్యాంకాక్‌లో అద్దె గది బాల్కనీలో డాల్డా డబ్బాలో బిందుమాధవి బచ్చలి తీగ పెంచేది. రహస్యంగా ఫైళ్లు పంపడానికి ఇద్దరూ కలిసి రాసుకున్న ప్రోగ్రాంకి ఆ పేరే పెట్టారు. ఆ పేరు రిపోర్టుల్లో లేదు. చీఫ్‌కి తెలియదు. ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు.

పొరపాటేమో అనుకోవాలని చూశాడు. ఇంకెవరో దొంగిలించారేమో అనుకోవాలని చూశాడు. అప్పుడు ఫెబా మాట చెవిలోంచి లోపలికి దిగింది. కారు కూడా పెట్టారు. కాగితం ఇచ్చింది ఆ అమ్మాయేనని గంట క్రితం బిందుమాధవికి చెప్పింది తనే.

పదకొండు నలభై. బయటికి పరిగెత్తాడు. ఫెబా రిజిస్టరు మూస్తోంది.

"అమ్మా, ఆ కారు ఎక్కొద్దు."

"ఏమైందండి?"

"జక్రయ్యగారు గుండెపోటుతో పోలేదు. వెనక దారిన గేటుకి వెళ్లి యలమందయ్యకి చెప్పండి. కారు డ్రైవర్ని పట్టుకోమని, హెడ్‌క్వార్టర్స్‌కి ఫోన్ చేసి పన్నెండింటికి తాళం తెరవొద్దనమని, మనుషుల్ని తీసుకుని ఇక్కడికి రమ్మని."

ఆమె ముఖంలో రంగు పోయింది. కానీ ఇంకో ప్రశ్న వేయలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

మార్క్ వెనక్కొచ్చి బచ్చలిని ఆపాడు. ఐదు సెకన్లలో అది మళ్లీ లేచింది. మళ్లీ ఆపాడు. మళ్లీ లేచింది. దాన్ని లేపుతున్న ఇంకో ప్రోగ్రాం ఎక్కడో ఉంది. అది దొరకలేదు. పది నిమిషాలు అలా కొట్టుకుని, ఇక లాభం లేదని లేచి, బయటికి పోయే ఫైబర్ కేబుల్ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి మార్క్."

బిందుమాధవి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్టల్.

అతను చెయ్యి తీశాడు. రెండడుగులు వెనక్కి వేయించింది. గోడ గడియారంలో పదకొండు యాభై ఏడు.

"జక్రయ్యని..."

"ముందు నాకే ఫోన్ చేశాడు. అమ్మా, ఈ ప్యానెల్ సంగతేంటని అడిగాడు. నన్ను నమ్మాడు."

"నేను కూడా."

"నువ్వు ఆ మాటనకు." ఆమె గొంతు పెరగలేదు. "మీ అధికారులు నీ పేరే వినలేదన్నారు అని జైల్లో కాగితం చూపించారు. కింద నీ సంతకం. ఎవరిదో అయితే ఏడ్చేదాన్ని కాదు. అది చూశాకే వాళ్లు చెప్పింది విన్నాను."

"విమానాశ్రయంలో రూల్ అన్నావు."

"అప్పటికే వాళ్ల మనిషిని."

ఆ సంతకం పెట్టిన రోజు అన్నం తినలేకపోయానని మార్క్ చెప్పొచ్చు. కానీ అది ఆమె జైలులో ఒక్క రోజుకి కూడా సరిపోదు.

"నన్ను కాల్చు, న్యాయమే," అన్నాడు. "ఆ ఫైల్లో నగ్మా పేరుంది బిందూ."

ఆమె కనురెప్ప కదిలింది. నగ్మా ఆ జైలు ఆసుపత్రిలో నర్సు. జ్వరంతో చచ్చిపోబోతున్న బిందుమాధవికి కొంగులో మందులు దాచి తెచ్చిన మనిషి.

"నగ్మా మన ఏజెంటా?"

"నీ క్షేమం మాకు చేరవేయడానికి, నీకోసమే ఒప్పుకుంది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు. ఫైలు చేరితే సాయంత్రానికి ఆమె ఉండదు."

ఆమె పిస్టల్ కొంచెం దించింది. మానిటర్ దగ్గరికి నడిచింది. ప్యానెల్ తెరిచి, ఏవో రెండు మీటలు నొక్కితే దాచిన వరుస బయటికొచ్చింది. బచ్చలి, పచ్చచుక్క. ఆపు అన్న బటన్ నొక్కింది. చుక్క ఎర్రబడింది.

"ఆగిపోయింది. చాలా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను తీసుకుపో."

మార్క్‌కి నమ్మాలనిపించింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో దేన్నీ అంతగా నమ్మాలనిపించలేదు. ఎర్రచుక్క నుంచి చూపు తిప్పి, ఊపిరి వదులుతూ సర్వర్ పక్కనున్న నెట్‌వర్క్ స్విచ్ వైపు చూశాడు.

కేబుల్ గుచ్చిన చోట చిన్న దీపం ఆగకుండా గబగబా కొట్టుకుంటోంది. ఫైలు ఇంకా బయటికి పోతూనే ఉంది.

గడియారంలో పన్నెండు దాటి నిమిషమున్నర. తుపాకీ పేలితే గేటు దగ్గరి వాళ్లు వస్తారు. ఆమెకి చప్పుడు అక్కర్లేదు, ఆ రెండు నిమిషాలే కావాలి. ఆ ఏడుపు అందుకే.

మార్క్ దూకాడు. పిస్టల్ మళ్లీ లేచింది. తూటా అతని ఎడమ చేతిని చీల్చుకుంటూ గోడలో దిగింది. కుడిచేత్తో కేబుల్‌ని పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగేశాడు.

దీపం ఆరిపోయింది.

తలుపు తోసుకుని యలమందయ్య వచ్చాడు. ఇప్పుడతని చేతిలో కర్ర లేదు, సర్వీస్ రివాల్వర్ ఉంది. వెనక ఇంకో ఇద్దరు గార్డులు. బిందుమాధవి పిస్టల్ బల్ల మీద పెట్టి, పమిట సర్దుకుంది.

"ఎంత పోయింది?" అడిగాడు యలమందయ్య.

మార్క్ నేల మీదే కూర్చుని మల్టీమీటర్ తెర చూశాడు. "నూటికి తొంభై ఆరు. పూర్తిగా చేరితే తప్ప ఆ ఫైలు తెరుచుకోదు."

"హెడ్‌క్వార్టర్స్‌కి లైను దొరకలేదు సార్. డ్రైవరు మాత్రం దొరికాడు, పట్టుకునేసరికి ఇంతసేపు పట్టింది. డాష్‌బోర్డులో సిరంజి ఉంది. వెనక సీట్లో హెల్మెట్ కూడా."

ఫెబా తన చున్నీతో మార్క్ చేతికి కట్టు కట్టింది. ముడి గట్టిగా బిగించింది. "మేడమ్ పోయిన వారం మా అమ్మ ఆపరేషన్‌కి రక్తం ఇచ్చారండి," అంది మెల్లగా. "ఇవాళ నన్ను ఆ కారెక్కమన్నారు."

బయట జీపు ఎక్కేముందు బిందుమాధవి ఆగింది. మిరప కల్లాల మీంచి వేడిగాలి వీస్తోంది.

"ఒక్క నిమిషం నమ్మావు కదా?"

"నమ్మాను."

"నేను కూడా ఆపేద్దామనే అనుకున్నాను. బటన్ దాకా వెళ్లినప్పుడు."

అందులో ఎంత నిజమో తేల్చే మిషన్ అతని దగ్గర లేదు. జీపు దుమ్ము లేపుకుంటూ ఒంగోలు వైపు వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యే దాకా మార్క్ అక్కడే నిలబడ్డాడు.

ఆ వారమే పదకొండు మందినీ వేరే చోట్లకి మార్చారు. నగ్మా పిల్లలతో సహా సరిహద్దు దాటింది. చీఫ్ ఆస్పత్రికొచ్చి, ఆజ్ఞ మీరినందుకు పావుగంట తిట్టి, ద్రాక్షపళ్లు పెట్టి వెళ్లాడు.

శుక్రవారం మార్క్‌కి మెమో వచ్చింది. స్టేషన్ సిస్టమ్స్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా నెట్‌వర్క్ కేబుల్ తొలగించి, నాలుగు గంటలపాటు సేవలకు అంతరాయం కలిగించినందుకు వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందని.

అతను కుడిచేత్తో ఒకే వాక్యం రాశాడు: "అనుమతి ఇవ్వవలసిన అధికారి ఆ సమయంలో నన్ను కాలుస్తూ ఉన్నందున అడగలేకపోయానని మనవి."